పార్టీ లేని బ్యాలట్ సరే, ఏప్రిల్‌లో ఎందుకు?

"ఎవరు నిలబెట్టిన్రు మరి?"

మా బాపు ఫోన్‌లో అడిగిన మాట ఇది. 2023 మార్చి చివరి వారం. నేను అమెరికా పౌరసత్వ ప్రమాణం చేసి అప్పటికి నాలుగు నెలలు కూడా కాలేదు. ఈ దేశంలో నా మొదటి ఓటు కొలరాడో రాష్ట్రంలో మేముండే కొలరాడో స్ప్రింగ్స్ నగర మేయర్ ఎన్నికలో పడబోతోంది. బ్యాలట్ పోస్టులో ఇంటికే వచ్చింది. దాన్ని వంటింటి బల్ల మీద పరుచుకుని, యెమి మొబొలాడే అనే ఆయనకు వేద్దామనుకుంటున్నానని బాపుకు చెప్పాను.

"ఏ పార్టాయన?"

"ఏ పార్టీ కాదు బాపూ. ఈ ఎన్నికకు పార్టీలే ఉండవు."

అటు నుంచి కాసేపు మాట లేదు. తర్వాత వచ్చింది ఆ ప్రశ్న. బాపు మా ఊళ్ళో రెండుసార్లు వార్డు మెంబరుగా చేసిన మనిషి. ఎవరూ తనంతట తాను నిలబడడనీ, వెనక ఎవరో ఉంటేనే నామినేషన్ వేస్తాడనీ ఆయన అనుభవం. ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేకపోయింది.

2025 డిసెంబరులో సెలవు పెట్టి జగిత్యాల దగ్గర మా ఊరికి వెళ్ళాను. తెలంగాణ అంతటా సర్పంచ్ ఎన్నికలు. అక్కడా బ్యాలట్ మీద పార్టీ గుర్తు ఉండదు, ఉంగరం, కత్తెర లాంటివే ఉంటాయి. అయినా ఉంగరం ఎవరిదో, కత్తెర ఎవరిదో ఊళ్ళో చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. పేపర్లు కూడా "ఫలానా పార్టీ బలపరిచిన అభ్యర్థి" అనే రాస్తాయి. పార్టీ పేరు లేని రెండు ఎన్నికలను, ఒకటి ఓటరుగా, ఒకటి ఊరి మనిషిగా, దగ్గర నుంచి చూశాక నాలో ఒక అభిప్రాయం గట్టిపడింది. నగర ఎన్నికలో పార్టీ పేరు లేకపోవడం మంచిదే, దాన్ని పోగొట్టుకోకూడదు. కానీ ఆ ఎన్నికను దేశం, రాష్ట్రం ఎన్నికలు జరిగే నవంబరులో కాకుండా ఏప్రిల్‌లో పెట్టడం అన్యాయం. ఈ రెండూ వేరు వేరు విషయాలు. మా నగరంలో చాలామంది వీటిని ఒకే ముడిగా చూస్తారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

పన్నెండు పేర్లు

ఆ బ్యాలట్ మీద మేయర్ పదవికి పన్నెండు పేర్లున్నాయి. పేరు పక్కన ఏమీ లేదు. పార్టీ లేదు, వృత్తి లేదు, వయసు లేదు. పేరు, గడి, అంతే.

ఇంతకు ముందు ఏ పార్టీ వైపూ లేనివాడినే అయినా, ఆ కాగితం చూసి నాకు టెన్షన్ వచ్చింది. రెండు సాయంత్రాలు కూర్చుని ఒక్కొక్కరి గురించీ చదివాను. వేన్ విలియమ్స్ రాష్ట్రంలో ఎన్నికల వ్యవహారాలు చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్‌గా చేసినవారు, అప్పటికి సిటీ కౌన్సిల్‌లో ఉన్నారు. శాలీ క్లార్క్ కౌంటీ కమిషనర్‌గా చేశారు. మొబొలాడే నైజీరియాలో పుట్టి, చదువుకోవడానికి అమెరికా వచ్చి, 2010లో ఈ నగరానికి చేరిన మనిషి. పాస్టర్‌గా చేశారు, డౌన్‌టౌన్‌లో స్నేహితులతో కలిసి కాఫీ కొట్టు పెట్టారు, నగరంలో చిన్న వ్యాపారాలకు సాయపడే ఉద్యోగం చేశారు. 2017లో పౌరసత్వం తీసుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ చివరి మాట దగ్గరే నా మనసు ఆగింది.

మా ఆవిడకు అప్పటికి గ్రీన్ కార్డే, ఓటు లేదు. పక్కన కూర్చుని నాతో పాటు చదివింది. రెండో రోజు రాత్రి ఒక మాట అంది. "నీకు ఇంట్లో నుంచి పని, సాయంత్రం తీరిక. అయినా రెండు రోజులు పట్టింది. రెండు ఉద్యోగాలు చేసేవాళ్ళు ఇదంతా ఎప్పుడు చదువుతారు?"

పార్టీ లేని ఎన్నికల మీద వచ్చే విమర్శలన్నిటిలో బలమైనది ఇదే. పార్టీ పేరు తీరిక లేని మనిషికి దారి చూపే బోర్డు లాంటిది. ఆ బోర్డు తీసేస్తే తెలిసిన పేరు వైపు, పదవిలో ఉన్నవాడి వైపు జనం మొగ్గుతారు, లేదా అసలు ఓటే మానేస్తారు. షాఫ్నర్, స్ట్రెబ్, రైట్ అనే ముగ్గురు రాజనీతి శాస్త్రజ్ఞులు 2001లో దీన్ని లెక్కలతో చూపించారు. ఇల్లినాయిలో షాంపేన్, అర్బానా అనే జంట నగరాలున్నాయి. పక్కపక్కనే ఉన్నా, ఒకదాని బ్యాలట్ మీద పార్టీ ఉండదు, రెండోదాని మీద ఉంటుంది. అలాంటి చోట్లను పోల్చి చూస్తే, పార్టీ పేరు లేనిచోట ఓటింగ్ తగ్గుతోందనీ, పదవిలో ఉన్నవారికి అది లాభిస్తోందనీ తేలింది. ఈ వాదనను నేను తేలిగ్గా తీసుకోను. మా ఆవిడ మాట కూడా అదే కదా.

చీకటి వీధులు నేర్పింది

అయినా పార్టీ పేరు వద్దనే అంటాను. ఎందుకంటే ఈ నగరం తన చేదు అనుభవంతో నేర్చుకున్న పాఠం ఒకటుంది.

కొలరాడో స్ప్రింగ్స్ గురించి అమెరికాలో ఎవరినడిగినా రిపబ్లికన్ల కంచుకోట అంటారు. ఎయిర్ ఫోర్స్ అకాడమీ, ఫోర్ట్ కార్సన్ సైనిక స్థావరం, ఫోకస్ ఆన్ ది ఫ్యామిలీ లాంటి పెద్ద క్రైస్తవ సంస్థ ప్రధాన కార్యాలయం, అన్నీ ఇక్కడే. ఓటర్లను అడగకుండా పన్ను పెంచకూడదని రాష్ట్ర రాజ్యాంగంలో 1992లో చేరిన సవరణను రాసిన డగ్లస్ బ్రూస్ ఈ ఊరివాడే. 2009 నవంబరులో ఆస్తి పన్ను పెంచుతామని నగరం అడిగితే ఓటర్లు భారీ తేడాతో కాదన్నారు. అప్పటికే ఆర్థిక మాంద్యం, ఖజానా ఖాళీ. 2010లో వీధి దీపాల్లో దాదాపు మూడో వంతు ఆర్పేశారు. పార్కుల్లో చెత్తడబ్బాలు తీసేశారు, పోలీసుల హెలికాప్టర్లు అమ్మకానికి పెట్టారు. మీ ఇంటి ముందు దీపం వెలగాలంటే మీరే డబ్బు కట్టి దత్తత తీసుకోవచ్చన్నారు. నేనప్పటికి ఈ ఊరు రాలేదు. మా పక్కింటి పెద్దాయన, ఆర్మీలో రిటైరైన మనిషి, ఇప్పటికీ చెబుతాడు. సాయంత్రం వాకింగ్‌కు టార్చిలైటు పట్టుకుని వెళ్ళేవాడట. వీధిలో మిగతావాళ్ళు కట్టకపోతే తనొక్కడే కట్టి ఒక దీపం వెలిగించుకున్నాడట. ఆ దీపం ఇప్పటికీ వాళ్ళింటి మూలన ఉంది, నాకు చూపించాడు.

ఐదేళ్ళ తర్వాత, 2015లో, మేయర్ జాన్ సదర్స్ రోడ్ల మరమ్మతులకు అమ్మకపు పన్ను 0.62 శాతం పెంచుకుందామని అడిగారు. ఆయన రాష్ట్ర అటార్నీ జనరల్‌గా చేసిన పేరున్న రిపబ్లికన్. అడిగింది పన్ను. ఓటర్లు ఒప్పుకున్నారు. 2019లో కాస్త తగ్గించి మళ్ళీ ఒప్పుకున్నారు, 2024లో మరో పదేళ్ళకు పొడిగించారు. మా పక్కింటాయన మూడుసార్లూ సరేనన్నాడు. జాతీయ ఎన్నికల్లో పన్ను పెంచుతానన్నవాడికి జీవితంలో ఓటు వేయనని చెప్పే మనిషి ఆయన.

ఒకే మనిషి నగరం విషయంలో ఒకలా, దేశం విషయంలో ఇంకోలా ఆలోచిస్తాడు. అందులో తప్పేమీ లేదు. గుంత పడిన రోడ్డు, వాన నీళ్ళ కాలువ, మంచు కురిసిన రోజు ఏ వీధి ముందు ఊడ్చాలి, నీటి సరఫరాకు ఎంత వసూలు చేయాలి: వీటికి రాష్ట్ర రాజధాని డెన్వర్‌లోనో వాషింగ్టన్‌లోనో తయారైన జవాబు లేదు. పేరు పక్కన పార్టీ ఉంటే మా పక్కింటాయన ఆ పేరు చూసే గడి నింపేవాడు, టార్చిలైటు గుర్తుకొచ్చేది కాదు.

గెలిచిన మనిషి

ఏప్రిల్ 4న ఎవరికీ సగం ఓట్లు రాలేదు. మొబొలాడే 30 శాతానికి కాస్త తక్కువతో మొదట నిలిచారు, విలియమ్స్ రెండో స్థానం. మే 16న ఇద్దరి మధ్య రనాఫ్. అప్పటికి పదవిలో ఉన్న సదర్స్ మద్దతు విలియమ్స్‌కు. అనుభవం, పరిచయాలు, పేరు, అన్నీ విలియమ్స్ వైపే. ఫలితం మాత్రం మొబొలాడేకు 57 శాతం పైన. ఈ నగరానికి ఎన్నికైన తొలి నల్లజాతి మేయర్ ఆయన.

ఈ గెలుపు పార్టీ బ్యాలట్ మీద సాధ్యమయ్యేదా? నాకు నమ్మకం లేదు. పార్టీ టికెట్ కావాలంటే ముందు ఆ పార్టీ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నికలో, గెలవాలి. ఏ పార్టీలోనూ లేని కాఫీ కొట్టు మనిషికి అక్కడ చోటెక్కడిది? మా ప్రాంతంలో ఇప్పుడు ఏ పార్టీ కిందా నమోదు కాని ఓటర్లే అన్నిటికంటే పెద్ద గుంపు. వాళ్ళకు వాళ్ళలాంటి అభ్యర్థి దొరికింది ఈ ఒక్క ఎన్నికలోనే.

అయితే దీనికి ఇంకో వైపు కూడా ఉంది, దాన్ని దాచిపెట్టి వాదించడం నాకిష్టం లేదు. పార్టీ లేనప్పుడు ఓటు మొత్తం మనిషి కథ మీద ఆధారపడుతుంది. కథను ఎవరైనా అల్లవచ్చు. రనాఫ్‌కు మూడు వారాల ముందు మొబొలాడే ప్రచార బోర్డు మీద జాతి దూషణ రాసి, దాని ముందు, నల్లజాతివాళ్ళను బెదిరించడానికి జాత్యహంకారులు చేసినట్టు, శిలువను తగలబెట్టిన ఫోటోలు, వీడియో బయటికొచ్చాయి. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా పాప బడికి నడిచి వెళ్ళే ఊరు ఇది. తర్వాత అదంతా ఆయనకు సానుభూతి తేవడానికి కొందరు ఆడిన నాటకమని ఫెడరల్ ప్రాసిక్యూటర్లు కేసు పెట్టారు. 2025లో జ్యూరీ ఇద్దరిని దోషులుగా తేల్చింది. మేయర్ మీద కేసు లేదు, తనకు అందులో ప్రమేయం లేదని ఆయన చెప్పారు. ఆ తీర్పు వచ్చినప్పుడు నాకు కలిగిన బాధ మామూలుది కాదు. నా ఓటు ఆ ఫోటో వల్ల పడలేదు. కానీ ఆ ఫోటో నన్ను కదిలించలేదని చెప్పలేను.

బాపు ప్రశ్న అప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది. పార్టీ కనిపించకపోతే వెనక ఎవరూ లేరని కాదు. భూములు అభివృద్ధి చేసే కంపెనీల విరాళాలు మా నగరంలో ప్రతి ఎన్నికలోనూ చర్చకొస్తాయి. పార్టీ లేనిచోట ఆ పని ఓటరే చేసుకోవాలి, ఎవరు ఎంత ఇచ్చారో వెతికి చూసుకోవాలి. దానికి పార్టీ పేరు పరిష్కారం కాదు. పార్టీ పేరున్న ఎన్నికల్లోనూ డబ్బు తిరుగుతూనే ఉంది.

నీలం డబ్బాలో కవర్లు

ఇక నా అసలు బాధకు వస్తాను. అప్పట్లో మేము అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మెయిల్ బాక్సులు కింద గేటు దగ్గర ఒకే చోట, వాటి పక్కన పనికిరాని కాగితాలు పడేయడానికి ఒక నీలం డబ్బా. ఏప్రిల్ మొదటి వారంలో పిజ్జా కూపన్లు పడేద్దామని వంగితే లోపల బ్యాలట్ కవర్లు కనిపించాయి. విప్పనైనా విప్పలేదు. నాలుగో ఐదో పైకే కనిపిస్తున్నాయి, కింద ఎన్ని ఉన్నాయో. నేను రెండు సాయంత్రాలు కూర్చుని నింపిన కాగితమే అది. పౌరసత్వం కోసం పదమూడేళ్ళు ఎదురుచూసి సంపాదించుకున్న కాగితం. కాసేపు అక్కడే నిలబడిపోయాను.

వాళ్ళ మీద కోపం రాలేదు. మా పై అంతస్తులో గోడౌన్‌లో రాత్రి షిఫ్టు చేసే అమ్మాయి ఉండేది, పాతికేళ్ళు ఉంటాయేమో. మెట్ల దగ్గర కనిపిస్తే, ఓటు వేశావా అని అడిగాను. "ఎన్నికలు నవంబరులో కదా?" అంది. నిజంగానే ఆశ్చర్యపోయి అడిగింది. చిన్నప్పటి నుంచి ఆమెకు ఎవరూ ఏప్రిల్ అని చెప్పలేదు. పిజ్జా కూపన్ల మధ్య వచ్చిన కవరు ఇంకో ప్రకటన అనుకుంది.

2023లో మా నగరంలో మొదటి విడతలో గానీ రనాఫ్‌లో గానీ నమోదైన ఓటర్లలో సగం మంది కూడా వేయలేదు. ఎవరు వేస్తారన్నది అంతకంటే పెద్ద విషయం. పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 50 నగరాల మేయర్ ఎన్నికలు పరిశీలిస్తే, ఓటేసినవారి మధ్యస్థ వయసు 57 ఏళ్ళని తేలింది. సొంత ఇల్లుండి, ఏళ్ళ తరబడి ఒకే చోట ఉండేవాళ్ళు వేస్తారు. అద్దెకుండేవాళ్ళు, ఇళ్ళు మారేవాళ్ళు వేయరు. బస్సు మీద ఆధారపడేది, అద్దె పెరిగితే వణికేది మాత్రం ఈ రెండోవాళ్ళే.

ఇక్కడ షాంపేన్, అర్బానా లెక్కకు నా జవాబు చెబుతాను. పార్టీ పేరు లేకపోవడం వల్ల కొంత ఓటింగ్ తగ్గుతుంది, ఒప్పుకుంటాను. కానీ అసలు దెబ్బ తేదీది. లాస్ ఏంజెలెస్ చూడండి. అక్కడా మేయర్ ఎన్నికకు పార్టీ ఉండదు. 2017 మార్చిలో విడిగా పెట్టినప్పుడు మేయర్‌కు పడిన ఓట్లు 4 లక్షల చిల్లర. తేదీని రాష్ట్ర ఎన్నికలతో కలిపాక, 2022 నవంబరులో 9 లక్షలు దాటాయి. బ్యాలట్ మీద అప్పుడూ పార్టీ లేదు, ఇప్పుడూ లేదు. పోటీ కూడా 2022లో గట్టిగా ఉంది, అది నిజమే. అయినా రెట్టింపు దాటడమంటే పోటీ ఒక్కదాని మహిమ కాదు. కాలిఫోర్నియా 2015లోనే చట్టం చేసింది: స్థానిక ఓటింగ్ మరీ పడిపోయిన నగరాలు తమ ఎన్నికను రాష్ట్ర ఎన్నికల తేదీకి మార్చుకోవాలని.

మా ఊరి సంగతి కూడా ఇదే చెబుతుంది. ఉంగరం, కత్తెర గుర్తులతో జరిగిన ఆ సర్పంచ్ ఎన్నికల్లో పోలింగ్ 80 శాతం దాటింది. కులం, వర్గం, సీసా, నోటు, అన్నీ పనిచేశాయి, అందంగా చెప్పను. కానీ ముంబయి, హైదరాబాద్‌ల నుంచి బస్సులెక్కి వచ్చినవాళ్ళను కళ్ళారా చూశాను. పోలింగ్ రోజు ఊళ్ళో ఎవరికీ వేరే పని లేదు, వేరే మాట లేదు. ఎన్నిక ఉందన్న సంగతి తెలియని మనిషి ఒక్కడు లేడు.

నవంబరు హోరు

దీనికి వ్యతిరేకంగా వచ్చే మాట నాకు తెలుసు. ఒకసారి సిటీ కౌన్సిల్ మీటింగ్‌లో, పౌరులకిచ్చే మూడు నిమిషాల్లో, నేనే ఈ తేదీ సంగతి ఎత్తాను. నా తర్వాత మాట్లాడిన పెద్దావిడ మర్యాదగానే కాదంది. నవంబరులో పెడితే అధ్యక్షుడి గొడవలో మేయర్ కొట్టుకుపోతాడు, టీవీ ప్రకటనల హోరులో వాన నీళ్ళ కాలువ గురించి ఎవరు వింటారు, పట్టించుకునేవాళ్ళే వేయడానికి ఏప్రిల్ ఉంది అని ఆవిడ వాదన. మొదటి రెండు మాటలూ నన్ను చాలా రోజులు వెంటాడాయి. ఆ హోరులో 2023లో మొబొలాడే గెలిచేవారా? బహుశా గెలిచేవారు కాదేమో. నాకు నచ్చిన ఫలితాన్ని ఇచ్చిన తేదీనే మార్చమంటున్నానన్నది నాకు తెలుసు.

కానీ ఏప్రిల్‌లో, మేలో పెట్టినంత మాత్రాన పార్టీ గొడవ ఆగుతుందా? 2025 మేలో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా మేయర్ ఎన్నిక జరిగింది. దాదాపు కొలరాడో స్ప్రింగ్స్ అంత నగరం, బ్యాలట్ మీద పార్టీ ఉండదు. అయినా మూడుసార్లు మేయర్‌గా చేసిన జీన్ స్టాథర్ట్ ప్రచారంలో ట్రాన్స్‌జెండర్ల బాత్రూముల విషయం దిగింది. ఆమెది బాత్రూముల గొడవ, మాది రోడ్ల గుంతల పని అని జాన్ యూయింగ్ వైపు నుంచి జవాబొచ్చింది. యూయింగ్ గెలిచారు. దేశం గొడవ మేలో కూడా తలుపు తోసుకుని వచ్చింది. ఓటర్లు దాన్ని పక్కన పెట్టగలిగారు కూడా. మేలో పెట్టగలిగినవాళ్ళు నవంబరులో పెట్టలేరని ఎందుకనుకోవాలి?

ఇబ్బందులున్నాయి. రనాఫ్ ఎప్పుడు పెట్టాలి, మొదటి విడతను జూన్‌కు జరపాలా అన్నవి తేల్చాలి. నవంబరు బ్యాలట్ ఇప్పటికే రెండు వైపులా నిండి ఉంటుంది, జడ్జీలు, రాష్ట్ర ప్రతిపాదనలు, కౌంటీ పదవులు. చివరిదాకా వెళ్ళకుండా కొందరు ఆపేస్తారు. అయినా నీలం డబ్బాలో పడ్డ కవర్ల కంటే అది ఎంతో నయం.

ఆవిడ మూడో మాట దగ్గర మాత్రం నాకు రాజీ లేదు. రోడ్ల పన్ను అడగాల్సి వస్తే అది నవంబరు బ్యాలట్ మీదే వస్తుంది. 2015, 2019, 2024, మూడుసార్లూ నవంబరే. డబ్బు అడిగేటప్పుడు జనం ఎక్కువగా వచ్చే రోజు, ఆ డబ్బు ఖర్చు పెట్టే మనిషిని ఎన్నుకునేటప్పుడు జనం రాని రోజు. పట్టించుకోరు అని ఎవరి గురించి అంటున్నామో ఒకసారి చూడాలి.

2024 నవంబరుకు మేము సొంత ఇంట్లోకి మారాం. ఒక సాయంత్రం పాత అపార్ట్‌మెంట్ దగ్గర ఆగితే ఆ పై అంతస్తు అమ్మాయి కనిపించింది. కారు బానెట్ మీద బ్యాలట్ పరిచి, పెన్ను నోట్లో పెట్టుకుని చదువుతోంది. నన్ను చూసి పిలిచింది. రెండు వైపులా నింపేసింది. రోడ్ల పన్ను ప్రశ్నకు కూడా గడి నింపింది, తన బస్సు వెళ్ళే రోడ్డు పేరు చెప్పి మరీ చూపించింది. తర్వాత కాగితం అటూ ఇటూ తిప్పుతూ నన్ను అడిగింది, "ఇందులో మేయర్ ఎక్కడ?"